వెనకనుంచి వచ్చిన టోపీ

మాస్టారు వెళ్లింది ముందుకి. ఆయన టోపీ వచ్చింది వెనకనుంచి.

నిజాంపట్నానికి పడమరగా, మడ అడవిలో ఒక ఉప్పుటేటి ఒడ్డున, నాలుగు మంచాలు పట్టేంత దిబ్బ మీద మేం ముగ్గురం ఉన్నాం. రత్నం మాస్టారు దారి చూసి వస్తానని ఏటి వెంట ముందుకు వెళ్లి చాలాసేపయింది. అందరం అటే చూస్తున్నాం. కోటయ్య ఎందుకో వెనక్కి తిరిగి, "అదేంటండి, తెల్లగా?" అన్నాడు. పొద్దున్నుంచి మేం నడిచి వచ్చిన వైపునుంచి, నీళ్ల మీద నెమ్మదిగా గుండ్రంగా తిరుగుతూ తెల్ల కాన్వాసు టోపీ ఒకటి వస్తోంది.

కోటయ్య కర్రతో దాన్ని ఒడ్డుకి లాగాడు. సుగుణమ్మగారు అందుకున్నారు. ఆవిడ మాస్టారి భార్య. గాలికి ఎగిరిపోకుండా గడ్డం కింద కట్టుకోవటానికి ఆ టోపీకి నాడా కుట్టింది ఆవిడే. నాడాకి వేసిన ముడి వేసినట్టే ఉంది.

ఆవిడ ఏడవలేదు. ముడిని వేలితో తడిమి చూసి, "ఇటునుంచి ఎట్లా వచ్చిందండి?" అని నన్నడిగారు.

ఆ ప్రశ్నకి జవాబు తెలియాలంటే మేం ఎలాంటి ఊరివాళ్లమో ముందు చెప్పాలి.

తెనాలి

మా ఊళ్లో కొండ లేదు. కనుచూపు మేరలో కూడా లేదు. అయినా కొండలెక్కేవాళ్లకి ఉన్నట్టు మాకో నడక క్లబ్బు ఉంది. మిషను హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు జాన్ రత్నంగారు అరవైల మొదట్లో దాన్ని పెట్టారు. ఆదివారం గుళ్లో ఆరాధన ముగించుకుని ఆయన వచ్చేసరికి మేం కాలవ వంతెన దగ్గర సిద్ధంగా ఉండేవాళ్లం. టీచర్లు, మిల్లు గుమాస్తాలు, ఇద్దరు ముగ్గురు రైతులు, పత్రికకి ఊరి వార్తలు రాసే నేను. ఒక వేసవిలో కొండవీడు ఎక్కి వచ్చాం. మిగిలిన కాలమంతా కాలవ కట్టలే మా కొండలు.

మాస్టారి మెడలో ఎప్పుడూ ఇత్తడి విజిల్ ఉండేది. ఒకసారి ఊదితే ఆగాలి. రెండుసార్లు ఊదితే దారి బాగుంది, రావచ్చు. మూడుసార్లు ఊదితే ఉన్నచోటే ఉండాలి, అడుగు కదపకూడదు. ఇంకో నియమం ఎవరూ పెట్టింది కాదు, డెల్టాలో పుట్టినవాళ్లకి ఒంట్లోనే ఉంటుంది. నీళ్ల వెంట పోతే సముద్రం, నీళ్లకి ఎదురు పోతే ఊరు. దిక్కు తెలియకపోతే మేం పైకి, సూర్యుడి వైపు చూడం. వంగి కాలవలోకి చూస్తాం.

తెనాలి మధ్యనుంచి మూడు కాలవలు పోతాయి. అందులో ఒకటి నిజాంపట్నం కాలవ. రోజూ స్నానం చేసే నీళ్లు చివరికి ఎక్కడికి పోతాయో ఒకసారి వాటి వెంట నడిచి చూద్దామని మాస్టారన్నారు. అక్కణ్ణుంచి తీరం పట్టుకుని బాపట్ల. బాపట్లలో మాలాగే నడక పిచ్చి ఉన్న వెంకటేశ్వర్లుగారు, సూర్యలంక ఒడ్డున భోజనాలు పెట్టుకుని ఎదురుచూస్తానని కబురు చేశారు. వస్తామన్నవాళ్లు చాలామందే గానీ, మాఘమాసంలో ఒక తెల్లవారుజామున వంతెన దగ్గర తేలింది నలుగురం. మాస్టారు, ఆయన భార్య సుగుణమ్మగారు, మిల్లు గుమాస్తా కోటయ్య, నేను. సుగుణమ్మగారు ఆడపిల్లల బడిలో టీచరు. నడకలో ఎప్పుడూ మాస్టారి కంటే నాలుగడుగులు వెనక, మా కంటే పది అడుగులు ముందు ఉంటారు.

వంతెన పక్క కాఫీ హోటలాయన మా సంచులు చూసి, "ఏం సార్, ఇవాళ రైళ్లు బందా?" అన్నాడు.

"లేదు బాబాయ్, నడవాలనే," అన్నాడు కోటయ్య.

"క్లబ్బుకి చందా కట్టి మరీ నడుస్తారా?"

"కట్టకపోతే మాస్టారు నడవనివ్వరు."

కాఫీ పదిహేను పైసలు. నడిచి పోయేవాళ్లని జాలిపడి నా గ్లాసులో ఇంకాస్త పోశాడు.

చెరుకుపల్లి

మొదటి రోజంతా కట్ట మీద నడక. కోతలైపోయిన మాగాణుల్లో మినుము పచ్చగా ఉంది. ఎదురొచ్చిన ప్రతివాడూ బస్సు తప్పిపోయిందా అనే అడిగాడు. ఒక ముసలాయనయితే, మేం ఏదో దావాలో ఓడిపోయి కాలినడకన మొక్కు తీర్చుకోవటానికి పోతున్నామని తనకి తానే తేల్చుకుని, సుగుణమ్మగారితో, "ఏం కాదులే అమ్మా, పైకోర్టుంది," అని ధైర్యం చెప్పాడు.

చెరుకుపల్లికి ఇంకా దూరం ఉండగానే కోటయ్య చెప్పు తెగింది. తాడు కట్టుకుని కుంటుతూ వచ్చాడు. ఒకచోట కాలవ రెండుగా చీలింది. ఏది నిజాంపట్నం వైపు పెద్ద కాలవో, ఏది పొలాలకి పోయే పిల్ల కాలవో సాయంత్రపు మంచు పొరలో తెలియలేదు. మాస్టారు ఒక గడ్డిపోచ నీళ్లలో వేసి చూశారు. అది ఎటు గట్టిగా లాక్కుపోతే అటు నడిచాం. కాసేపటికి ఊరు కనిపించింది.

"చూశారా," అన్నారు మాస్టారు. "మనుషుల్ని దారి అడిగితే తలా ఒకటి చెప్తారు. నీళ్లు అబద్ధం చెప్పవు."

"మా మిల్లు ఓనరుకి కూడా ఓ గడ్డిపోచ ఇప్పించండి మాస్టారూ," అన్నాడు కోటయ్య.

ఆ రాత్రి చెరుకుపల్లిలో సుగుణమ్మగారి పిన్ని కూతురింట్లో బస. లూథరన్ కుటుంబం, భార్యాభర్తలిద్దరూ టీచర్లు. అన్నానికి ముందు చిన్న ప్రార్థన చేశారు. ప్రయాణంలో ఉన్నవాళ్లని కాపాడమని అందులో ఒక మాట ఉంది. ఆ తర్వాత గోంగూర, ఎండు రొయ్యలు, ముద్దపప్పు వడ్డించారు. కోటయ్య రొయ్యలు ముట్టని ఇంట్లో పుట్టినవాడు. ఆ రోజు మాత్రం ఎవరికీ చెప్పొద్దని మా అందరి చేతా మాట తీసుకుని రెండుసార్లు అడిగి వడ్డించుకున్నాడు.

నిజాంపట్నం

కాలవ చివరకి వచ్చేసరికి నాకు చెప్పలేని దిగులు వేసింది. తెనాలిలో గలగలమంటూ పోయే నీళ్లు అక్కడ ఎటూ పోకుండా జమ్ములో నిలిచిపోయి నల్లబడ్డాయి. చెట్లు పొట్టివైపోయాయి. గాలిలో ఉప్పు, ఎండు చేపల వాసన.

ఊళ్లో చేపల వేలంపాట జరుగుతోంది. పాడేవాడు ధరలు ఎంత వేగంగా అరుస్తున్నాడంటే, విలేఖరినై ఉండి నాకొక్క ముక్క అర్థం కాలేదు. ఇసకలో నెత్తళ్ల చేపలు ఆరబోస్తున్న ఒకావిడ మాకు తాగటానికి నీళ్లిచ్చింది. పేరు పోలమ్మ. తెనాలిలో నీళ్లు అడిగితే చెంబు నిండా ఇచ్చి, మిగిలినవి పారబోస్తాం. అక్కడ ఇసకలో చెలమ తవ్వి, ఊరేదాకా కూర్చుని, చిప్పతో తోడుకోవాలి. నేను గ్లాసు అడుగున వదిలిన గుక్కెడు నీళ్లని ఆవిడ మళ్లీ కుండలోకి కాదు, పక్కనున్న కోడి మూకుట్లోకి వంచింది. ఒక్క చుక్క కింద పడలేదు.

బాపట్లకి నడిచిపోతున్నామంటే పోలమ్మ పని ఆపి మా వైపు చూసింది.

"నీకేం ఖర్మ తల్లీ, చదువుకున్నదానిలా ఉండావు," అంది సుగుణమ్మగారితో.

"ఈయన్ని చేసుకున్నానుగా అక్కా," అన్నారు సుగుణమ్మగారు.

పోలమ్మ నవ్వింది. నవ్వు ఆపి, ఒడ్డు వెంట పోతే ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర పడవ కావాలని, పడవలన్నీ వేటకి పోయాయని చెప్పింది. అడవిలో దారి ఉంది. ఏరు అడ్డం తగిలాక దాని వెంట సముద్రానికి దూరంగా, ఊళ్ల వైపు పోతే చిన్న పల్లె వస్తుంది, అక్కడ దాటిస్తారు.

"కానీ మొన్నటి గాలివాన కాణ్ణించి ఏరు చోటు మారిందయ్యా. మా వోళ్లే తడబడతన్నారు. అడవిలో ఈల గట్రా వెయ్యమాకండి, పురుగొచ్చిద్ది."

పురుగంటే పాము. మాస్టారు విజిల్ని చొక్కా లోపలికి వేసుకున్నారు.

ఉప్పుటేరు

మర్నాడు పొద్దున మబ్బు పట్టింది. వాన మబ్బు కాదు, బూడిద చల్లినట్టు ఆకాశమంతా ఒకే రంగు. సూర్యుడు ఏ మూల ఉన్నాడో తెలియలేదు.

మడ అడవి అంటే నేను అడవి అనుకున్నాను. అది అడవీ కాదు, నేలా కాదు. చెట్ల చుట్టూ బురదలోంచి వేళ్లు మేకుల్లా పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. అడుగు వేసినప్పుడల్లా వందల పీతలు ఒక్కసారి బొరియల్లోకి దూరేవి. చప్పుడు ఉండదు. నేలే కదిలినట్టు ఉండేది.

ఏరు తగిలింది. పాములా మెలికలు తిరిగి ఉంది. ఒక వంపు దగ్గర ఎడమకి, ఇంకో వంపు దగ్గర కుడికి. చుట్టూ చెట్లు ఒకే ఎత్తు. ఊరి వైపు ఏదో, సముద్రం వైపు ఏదో చూపుకి అందలేదు. మాస్టారు వంగి, ఒక మడ ఆకు తెంపి నీళ్లలో వేశారు. అది మా ఎడమకి కదిలిపోయింది.

"సముద్రం ఎడమకి. మనం కుడికి," అన్నారు.

మాలో ఒక్కరికీ అనుమానం రాలేదు. నీళ్లకి ఎదురుగా నడవసాగాం. పొద్దున్నుంచి మధ్యాహ్నం దాకా నడిచాం. పల్లె రాలేదు. నేల గట్టిపడాల్సింది పోయి మెత్తబడింది. ఊరి వైపు పోయేకొద్దీ చిన్నదవ్వాల్సిన ఏరు వెడల్పయింది. అన్నీ చూశాం. ఎవరికి వాళ్లం వంపు అవతల సరవుతుందనుకున్నాం.

ఆ దిబ్బ దొరికితే ఎక్కి కూర్చుని, పిన్ని కూతురు కట్టిచ్చిన వేరుశనగ ఉండలు తిన్నాం. మాస్టారు తినలేదు. "ముందు నేల ఎట్లా ఉందో చూసొస్తాను. బాగుంటే రెండు, లేకపోతే మూడు," అన్నారు విజిల్ పైకి తీస్తూ.

"పురుగొచ్చిద్దన్నారు," అన్నారు సుగుణమ్మగారు.

"వస్తే దానికీ డ్రిల్లు నేర్పుతాలే."

వెదురు కర్ర పట్టుకుని వెళ్లిపోయారు. తెల్ల టోపీ చెట్ల మధ్య కాసేపు కనిపించి పోయింది.

ఎంతసేపటికో విజిల్ వినిపించింది. దూరంగా, గాలికి తెగుతూ. కోటయ్య సంచి భుజాన వేసుకుని లేచాడు. "రెండు. పదండి."

నేనూ లేచాను. నాకూ రెండే వినిపించాయి.

సుగుణమ్మగారు కూర్చునే ఉన్నారు. "మూడు," అన్నారు.

"కాదమ్మా, రెండే. రైటరుగారిని అడగండి," అని కోటయ్య నన్ను చూపించాడు.

"ఆయన ఊదితే నాకు తెలియదా కోటయ్యా? మూడోది గాలి మింగింది."

"వినపడకపోతే మూడోది ఉందని ఎట్లా చెప్తారండి?"

ఆవిడ చీర కొంగు నడుముకి దోపుకుని, ఇక ఎవరు లాగినా లేవనట్టు కూర్చున్నారు. మాస్టారి భార్యని అడవిలో వదిలి ముందుకు పోలేక మేమూ ఆగాం. విజిల్ మళ్లీ మోగలేదు. ఆ తర్వాత వచ్చింది టోపీ.

"ఇటునుంచి ఎట్లా వచ్చిందండి?" అని ఆవిడ అడిగినప్పుడు నేను తలదించుకుని నీళ్ల వైపు చూశాను. నురగ, ఎండుటాకులు, పుల్లలు అన్నీ కదులుతున్నాయి. పొద్దున అవి మాకు ఎదురొచ్చాయి. ఇప్పుడు మాస్టారు వెళ్లిన వైపుకే పోతున్నాయి.

మేం పొద్దున చూసింది పోటు. సముద్రం ఏట్లోకి తోసుకొస్తున్న నీళ్లు. వాటికి ఎదురు నడిచి మేం పూటంతా సముద్రం వైపే వచ్చాం. మాస్టారు ముందెక్కడో నీళ్లలో దిగినప్పుడు టోపీ ఊడింది. పోటు దాన్ని అవతలి ఒడ్డు వెంట, మా కంట పడకుండా వెనక్కి మోసుకుపోయింది. తర్వాత నీళ్లు తిరిగాయి. టోపీ తిరిగొచ్చింది. మాస్టారు రాలేదు.

చెప్పాను. "అంటే ఆయన సముద్రంలోకి పోయారా?" అన్నాడు కోటయ్య. అని, కర్ర తీసుకుని ముందుకు ఉరకబోయాడు.

"ఆగు," అన్నారు సుగుణమ్మగారు. "కదలొద్దని ఊదారు. ముందుకి కదలొద్దని. వెనక్కి వద్దనలేదు. పల్లె వెనక ఉంది, నువ్వు చిన్నవాడివి, పరిగెత్తు. ఈసారీ నీళ్లకి ఎదురే పో."

కోటయ్య చెప్పులు విడిచేసి పోయాడు.

దిబ్బ మీద

మేమిద్దరం మిగిలాం. ఆవిడ క్యారియరు గిన్నె తీసి, మూతతో దాని మీద కొట్టటం మొదలుపెట్టారు. బడిగంట కొట్టినట్టు, ఆగి ఆగి. ఆయనకి వినబడితే మేం ఎక్కడున్నామో తెలుస్తుందని. చెయ్యి నొప్పెడితే గిన్నె నాకిచ్చేవారు. నేను కొట్టేవాణ్ణి. కొట్టటం ఆపినప్పుడల్లా ఇద్దరం ఊపిరి బిగబట్టి వినేవాళ్లం. పీతల చిటచిట తప్ప ఏమీ లేదు.

నీళ్లు దిగుతున్నాయి. ఒడ్డున బురద నల్లగా, తళతళలాడుతూ బయటపడుతోంది. పత్రికలో పనిచేస్తూ చాలా మరణవార్తలు రాశాను. ఆ దిబ్బ మీద నా తలలో ఒక వాక్యం దానంతటదే కూడుకుంది. 'తెనాలికి చెందిన ఉపాధ్యాయుడు' అని మొదలై ముందుకు పోబోయింది. గిన్నె గట్టిగా కొట్టి దాన్ని ఆపాను.

"ఆయనకి ఈత వచ్చాండి?" అని అడిగాను చివరికి.

"కాలవలో వచ్చు," అన్నారావిడ.

టోపీ ఆవిడ ఒళ్లో ఉంది. నాడా ముడి విప్పాలని చూసి, తడికి బిగిసిపోయి రాక, వదిలేశారు.

వెలుగు తగ్గకముందే దోనె వచ్చింది. కోటయ్య, ఇద్దరు మనుషులు. పెద్దవాడు మమ్మల్ని ఎక్కించుకుంటూ ఒకటే అన్నాడు. "మళ్లా పోటు తగిలేలోపు తియ్యాల. బతికుంటే బురదలో ఉంటాడు."

రెండు వంపులు తిరిగాక చెట్లు అయిపోయాయి. ఎదురుగా మైదానమంత బురద, దాని చివర సముద్రం గీతలా ఉంది. బురద మధ్యలో మాస్టారు ఉన్నారు. రొమ్ముదాకా దిగిపోయి, వెదురు కర్రని అడ్డంగా చంకల కింద పెట్టుకుని, మా వైపు కాకుండా సముద్రం వైపు ముఖం పెట్టుకుని. పిలిస్తే తల తిప్పలేదు.

మనుషులిద్దరూ దోనెలోని చెక్కలు పరుచుకుంటూ, వాటి మీద బోర్లా పడుకుని పాకుతూ వెళ్లారు. లాగితే మొదట రాలేదు. చంకల కింద తాడు వేసి, కాళ్ల చుట్టూ చేతులతో బురద తవ్వి, మళ్లీ లాగారు. సముద్రం గీత కాస్త లావైనట్టు నాకనిపించింది. వచ్చేటప్పుడు బురద ఒక చప్పుడు చేసింది. అది రాయడం నాకు చేతకాదు.

దోనెలోకి చేర్చాక చూస్తే విజిల్ ఆయన పళ్ల మధ్య ఉంది. దవడ బిగుసుకుపోయింది. సుగుణమ్మగారు బుగ్గలు రాసి, "నేనండీ, ఇక వదలండి," అని చాలాసార్లు అన్నాక వదిలారు.

పల్లెలో ఒకావిడ మమ్మల్ని చూడగానే పొయ్యి మీద ఉడుకుతున్న కూర దించి, ఆ మంట మీద ఇసక వేడిచేసి, గుడ్డలో మూటకట్టి మాస్టారి కాళ్లకి కాపడం పెట్టింది. ఆ పూట వాళ్లింట్లో తిండి ఆలస్యమైంది మా వల్లే.

రేపల్లె

తెల్లవారి ఎడ్లబండి, తర్వాత బస్సు, చివరికి రేపల్లె ఆస్పత్రి. డాక్టరు కాళ్లు నొక్కి చూసి, ఎడమ పాదంలో స్పర్శ రావటానికి రోజులు పడుతుందన్నాడు. బాపట్ల వెంకటేశ్వర్లుగారికి టెలిగ్రాం ఇచ్చాం. ఆయన ముందు రోజంతా సూర్యలంక ఒడ్డున విస్తళ్లు పెట్టుకుని కూర్చుని, చీకటి పడ్డాక అన్నం జాలర్లకి పంచి ఇంటికి పోయారట.

మాస్టారు రెండో రోజుకి మాట్లాడారు. ఏరు అడ్డం వస్తే దాటబోయానని, నడుముదాకా అనుకున్నది మెడదాకా వచ్చిందని, అవతల ఒడ్డు అనుకుని దిగింది ఊబి అని చెప్పారు. ఇత్తడి గ్లాసులో కాఫీ చల్లార్చి ఇస్తూ సుగుణమ్మగారు అడిగారు.

"ఎన్ని ఊదారండి?"

ఆయన గ్లాసు అందుకుని తాగారు.

"రెండే గదా మాస్టారూ?" అన్నాడు కోటయ్య మంచం కాళ్ల దగ్గర్నుంచి. "దిగకముందు నేల బాగుందని ఊదారు. అంతేగా?"

"మూడు," అన్నారావిడ. "దిగబడ్డాక."

"గుర్తులేదు," అన్నారు మాస్టారు. "టోపీ ఎప్పుడు పోయిందో కూడా గుర్తులేదు. గిన్నె చప్పుడు మాత్రం వినబడింది. బడి వదిలారనుకున్నాను."

రేపల్లెనుంచి తెనాలికి రైల్లో వచ్చాం. మాస్టారు కిటికీ పక్కన కూర్చున్నారు. దారిలో కాలవ కనిపించినప్పుడల్లా తల ఇటు తిప్పుకున్నారు.

మళ్లీ తెనాలి

ఇది రాస్తున్నప్పటికి క్లబ్బు ఆదివారాలు కట్ట మీద నడుస్తూనే ఉంది. మాస్టారు కర్ర సాయంతో వంతెన దాకా వచ్చి, మేం తిరిగొచ్చేవరకూ కాఫీ హోటల్లో కూర్చుంటున్నారు. విజిల్ ఇప్పుడు సుగుణమ్మగారి దగ్గర ఉంది. వెంకటేశ్వర్లుగారు మళ్లీ ఎప్పుడొస్తారని అడిగిస్తున్నారు. నిజాంపట్నం, బాపట్ల మధ్య నడక మాకు మిగిలే ఉంది.

పోయిన సమావేశంలో విజిల్ గుర్తులు మార్చాలని తీర్మానం పెట్టాం. రెండుసార్లు ఊదింది గాలిలో రెండుగానే వినబడినట్టయితే తప్పు గుర్తుది కాదని, మార్చక్కర్లేదని కోటయ్య వాదించాడు. మూడు ఊదితే రెండు వినబడినట్టయితే వెంటనే మార్చాలని సుగుణమ్మగారన్నారు. సభ్యులు చెరో పక్క చేరారు. అధ్యక్షుల వారి అభిప్రాయం అడిగితే మాస్టారు గుర్తులేదన్నట్టు తల అడ్డంగా ఊపారు. తీర్మానం వాయిదా పడింది. గుర్తులు పాతవే ఉన్నాయి.